లూచో ఫుల్చీ 'జాంబీ 2' (1979): మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలు

ఈ ఇటాలియన్ సినిమా గురించి ఎక్కడ మాట మొదలైనా ముందు వచ్చే ప్రశ్న ఒకటే: పార్ట్ వన్ ఎక్కడ దొరుకుతుంది? తర్వాత షార్క్ గురించి, ఆ తర్వాత కన్ను గురించి. అడిగేవాళ్లు మారుతున్నారు కానీ ప్రశ్నలు మారట్లేదు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. సినిమా ఇంకా చూడనివాళ్లు 'చూశాక' అన్న భాగం జోలికి మాత్రం వెళ్లొద్దు, అక్కడ క్లైమాక్స్‌తో సహా చెప్పేశాను.

## చూడకముందు

జాంబీ 2 చూడాలంటే ముందు జాంబీ 1 చూడాలా? అది ఎక్కడ దొరుకుతుంది?

అక్కర్లేదు. ఈ కథకి మొదటి భాగమే లేదు. అమెరికన్ దర్శకుడు జార్జ్ రొమెరో తీసిన 'డాన్ ఆఫ్ ద డెడ్' 1978 సెప్టెంబరులో ఇటలీలో 'జాంబీ' అనే పేరుతో విడుదలైంది. ఆ సినిమాకి డబ్బు సమకూర్చడంలో సాయపడి, యూరప్ వెర్షన్ ఎడిటింగ్ చూసుకున్నది ఇటాలియన్ దర్శకుడు దారియో అర్జెంతో. ఇటలీలో అది బాగా ఆడింది. ఏడాది తిరక్కుండానే, 1979 ఆగస్టులో, దానితో ఏ సంబంధమూ లేని నిర్మాతలు ఫాబ్రిత్సియో దె ఆంజెలిస్, ఉగో తుచ్చి తమ సినిమాకి 'జాంబీ 2' అని పేరు పెట్టి థియేటర్లలోకి వదిలారు. హిట్ సినిమా పేరు పక్కన ఒక అంకె తగిలించడం ఆ రోజుల్లో అక్కడ మామూలు వ్యవహారమే. పాత్రలు వేరు, కథ వేరు. దర్శకుడు కూడా వేరు.

ఒకే సినిమాకి ఇన్ని పేర్లేంటి? నేను వెతికేది సరైనదో కాదో ఎలా తెలుస్తుంది?

ఇటలీలో 'జాంబీ 2', అమెరికాలో ఒట్టి 'జాంబీ', బ్రిటన్‌లో 'జాంబీ ఫ్లెష్ ఈటర్స్'. పశ్చిమ జర్మనీ వాళ్లయితే 'జాంబీల భయానక ద్వీపం' అనే అర్థం వచ్చేలా ఇంకా పొడుగాటి పేరు పెట్టారు. పేరు చూసి వెతికితే గందరగోళమే. దర్శకుడు లూచో ఫుల్చీ, సంవత్సరం 1979, ఈ రెండూ సరిపోతే మీరు సరైన సినిమా దగ్గరే ఉన్నట్టు.

అయితే ఇది రొమెరో సినిమాకి కాపీయేనా?

పేరు కాపీ. సినిమా కాదు. స్క్రిప్టులో ఎలీసా బ్రిగాంతి పేరే కనిపిస్తుంది కానీ ఆమె భర్త దర్దానో సకెట్టి కూడా కలిసి రాశాడు. వాళ్లు రాసుకున్నది పాతకాలపు దీవి సాహసకథ. ఇటలీలో రొమెరో సినిమా హిట్టయ్యాక, దాని ఊపు వాడుకోవడానికి మొదట్లో, చివర్లో న్యూయార్క్ సన్నివేశాలు కలిపారు.

రొమెరో శవాలు షాపింగ్ మాల్‌లో తిరుగుతాయి, వాటి వెనక సమాజం మీద ఒక ఎత్తిపొడుపు ఉంటుంది. ఫుల్చీకి ఆ గొడవ పట్టదు. ఆయన శవాలు కరీబియన్ మట్టిలోంచి, ఊడూ అనే హైతీ మతపు డప్పుల మోత మధ్య లేస్తాయి. అంటే ఈ సినిమా వేళ్లు రొమెరో దగ్గర కాదు, 1932 నాటి 'వైట్ జాంబీ', 1943 నాటి 'ఐ వాక్డ్ విత్ ఎ జాంబీ' లాంటి పాత హాలీవుడ్ సినిమాల దగ్గర ఉన్నాయి. పేరు విషయంలో అర్జెంతోకి కోపం వచ్చింది. జాంబీలు ఏ ఒక్కరి సొత్తూ కాదన్నది ఫుల్చీ వైపు వాదన. నా ఓటు ఫుల్చీకే, కాకపోతే పోస్టర్ మీద ఆ '2' అంకె వేసుకుని ఈ వాదన చేయడం కాస్త విడ్డూరమే.

స్పాయిలర్లు లేకుండా కథ ఏంటో చెప్పగలరా?

మనుషుల్లేని ఒక తెరచాప పడవ న్యూయార్క్ రేవులోకి కొట్టుకొస్తుంది. తనిఖీకి ఎక్కిన పోలీసుల్లో ఒకడు లోపలున్న దానికి బలవుతాడు. పడవ యజమాని కూతురు యాన్, పీటర్ వెస్ట్ అనే రిపోర్టరు, ఆమె తండ్రి ఏమయ్యాడో తెలుసుకోవడానికి మటూల్ అనే దీవికి బయల్దేరతారు. దారిలో బ్రయాన్, సూసన్ అనే జంట వాళ్లని తమ పడవలో ఎక్కించుకుంటుంది. దీవిలో డాక్టర్ మెనార్డ్ అనే ఆయన అంతుచిక్కని జబ్బుతో పోరాడుతుంటాడు. చచ్చినవాళ్లు చచ్చినట్టు పడి ఉండట్లేదన్నదే ఆ జబ్బు.

ఎవరీ ఫుల్చీ? మొదటినుంచీ హారరేనా?

అస్సలు కాదు. 1927లో రోమ్‌లో పుట్టాడు. కెరీర్ మొదటి సగమంతా కామెడీలే, ముఖ్యంగా ఫ్రాంకో, చిచ్చో అనే ఇటాలియన్ హాస్య జంటతో వరసగా తీశాడు. తర్వాత వెస్టర్న్‌లు, మర్డర్ మిస్టరీలు, పిల్లలు చూసే 'వైట్ ఫాంగ్' కూడా. 1971లో తీసిన ఒక థ్రిల్లర్‌లో కోసిన కుక్కల సీను చూసి నిజంగానే కుక్కల్ని చంపారని కేసు పెట్టారు. ఎఫెక్ట్స్ చేసిన కార్లో రాంబాల్ది ఆ బొమ్మల్ని కోర్టుకి తెచ్చి చూపిస్తే గానీ నమ్మలేదు. తర్వాతి కాలంలో హాలీవుడ్‌లో 'ఇ.టి.' బొమ్మ చేసింది ఆ రాంబాల్దియే.

'జాంబీ 2' ముందుగా ఎంజో కాస్తెల్లారి అనే యాక్షన్ సినిమాల దర్శకుడి దగ్గరికి వెళ్లింది, ఆయన వద్దన్నాడు. అలా యాభై దాటిన ఫుల్చీ చేతికి వచ్చింది. ఇది హిట్ కావడంతో ఆ తర్వాత రెండేళ్లలోనే 'సిటీ ఆఫ్ ద లివింగ్ డెడ్', 'ద బియాండ్', 'ద హౌస్ బై ద సెమెటరీ' తీసేశాడు. 1996లో చనిపోయాడు.

ఇంట్లో అందరితో కూర్చుని చూడొచ్చా?

వద్దు. రక్తం, మాంసం పీక్కుతినడం చాలా దగ్గర నుంచి చూపిస్తాడు, కెమెరా పక్కకి తిప్పడు. కొద్దిపాటి నగ్నత్వం కూడా ఉంది. అమెరికాలో 1980లో విడుదల చేసినప్పుడు టికెట్‌తో పాటు వాంతి సంచీలు పంచారు. అది పబ్లిసిటీ స్టంటే అనుకోండి, అయినా భోజనం చేస్తూ చూసే సినిమా మాత్రం కాదు. ఉలిక్కిపడేలా చేసే సీన్లు తక్కువ, ఒళ్లు జలదరించేవి ఎక్కువ. దయ్యాల సినిమాలకి భయపడేవాళ్లు దీన్ని సులభంగానే చూసేస్తారు. గాయాలు చూడలేనివాళ్లే ఇబ్బంది పడతారు.

ఏ వెర్షన్ చూడాలి? ఇంగ్లీషా, ఇటాలియనా?

ఇంగ్లీషే చూడండి. 'ఒరిజినల్ భాషలోనే చూడాలి' అన్న నియమం ఇక్కడ పనిచేయదు. అప్పటి ఇటాలియన్ సినిమాల్లో షూటింగ్ శబ్దం వాడేవాళ్లు కాదు, ఏ భాషైనా తర్వాత డబ్బింగే. ముఖ్య నటుల్లో టీసా ఫారో అమెరికన్, ఇయాన్ మెకలక్, రిచర్డ్ జాన్సన్ బ్రిటిష్ వాళ్లు. వాళ్ల పెదాలు ఇంగ్లీషు మాటలకే కలుస్తాయి.

ఒక్క విషయం చూసుకోండి. ఈ సినిమా వెడల్పు తెర కోసం తీసింది. కెమెరామన్ సెర్జో సల్వాతి ఒక మూలన మనిషిని పెట్టి, ఇంకో మూలన ఖాళీ వీధి చూపిస్తాడు. పాత టీవీ సైజుకి రెండు పక్కలా కోసేసిన కాపీలో ఇదంతా పోతుంది. కట్స్ లేని ప్రింటు నిడివి సుమారు 91 నిమిషాలు, అంతకంటే బాగా తక్కువుంటే అనుమానించండి. రిస్టోర్ చేసిన బ్లూరే, 4కె కాపీలు ఉన్నాయి కాబట్టి మసక ప్రింటుతో సరిపెట్టుకోవాల్సిన పని లేదు.

## చూస్తున్నప్పుడు

అరగంటైనా ఏమీ జరగట్లేదు, ఆపేయనా?

ఆపకండి. మొదట్లో పడవ మీద ఒక దాడి చూపించి, ఆ తర్వాత చాలాసేపు సముద్రం, ఎండ, కబుర్లతో నడిపిస్తాడు. జాంబీ సినిమా అనుకుని కూర్చుంటే విసుగొస్తుంది. దీవి సాహసకథ అనుకుని చూస్తే ఆ నిదానమే బాగుంటుంది. దీవి మీద దుమ్ము రేగే ఖాళీ వీధి, దాని మధ్యలో పాకుతూ పోయే ఒక పీత, దూరాన ఏదో ఆకారం. ఈ షాట్ల కోసమే నేను ఈ సినిమాని మళ్లీ పెడుతుంటాను, రక్తం కోసం కాదు. మాటలు మాత్రం పేలవం. ఆ విషయంలో సమర్థించడానికి ఏమీ లేదు.

జాంబీతో కొట్లాడేది నిజమైన షార్కేనా? గ్రాఫిక్సా?

నిజమైన టైగర్ షార్క్. 1979లో గ్రాఫిక్స్ ఎక్కడివి! ఆ జాంబీ వేషంలో ఉన్నాయన రామోన్ బ్రావో, మెక్సికోకి చెందిన నీటి అడుగు ఫొటోగ్రాఫర్, షార్క్‌లతో పనిచేయడంలో ఆరితేరినవాడు. మెక్సికో తీరంలోని ఇస్లా ముహేరెస్ దగ్గర తీశారు. షార్క్‌కి ముందే కడుపునిండా మేపి, మత్తు ఇచ్చారని చెబుతారు. జాగ్రత్తగా చూస్తే అది చాలా బద్ధకంగా తిరుగుతుందని మీకే తెలుస్తుంది. ఈరోజుల్లో ఒక జంతువుతో అలా చేయనివ్వరు, చేయనివ్వకూడదు కూడా.

విచిత్రం ఏంటంటే, సినిమా మొత్తంలో జనానికి బాగా గుర్తుండిపోయిన ఈ సీను ఫుల్చీ తీసింది కాదు. ఇది నిర్మాత తుచ్చి ఆలోచన, ఫుల్చీకి ఇష్టం లేకపోయినా వేరే బృందం వెళ్లి తీసుకొచ్చింది. కథకి దీనివల్ల ఒరిగేది కూడా పెద్దగా లేదు. పడవ దెబ్బతినడానికి ఒక షార్క్ చాలు, నీళ్ల అడుగున శవం అక్కర్లేదు. కానీ ముఖానికి రంగు పూసుకున్న ఒక మనిషి, ఆక్సిజన్ గొట్టం పక్కన పెట్టేసి, ఊపిరి బిగబట్టి, షార్క్‌ని కావలించుకుని దాని పొట్ట కొరుకుతున్నట్టు నటిస్తుంటే లాజిక్ గురించి ఎవరు అడుగుతారు? ఇన్నేళ్లుగా కంప్యూటర్లలో ఎన్ని షార్క్‌ల్ని తయారుచేసినా ఈ సీను పక్కన నిలబడేది నాకైతే కనపడలేదు.

ఆ కన్ను సీను చూడలేకపోయాను. అది ఎలా తీశారు?

డాక్టర్ భార్య పావొలాగా నటించిన గ్రీకు నటి ఓల్గా కర్లాతోస్ ముఖం, మేకప్ నిపుణుడు జన్నెత్తో దె రోసి తయారుచేసిన నకిలీ తల, ఈ రెండింటి షాట్లని మార్చి మార్చి అతికించారు. విరిగిన తలుపు చెక్క మొన ఆమె కంటి వైపు వస్తుంటుంది, నిజానికి తలుపు అవతలున్న జాంబీ ఆమెనే జుట్టు పట్టి దాని వైపు లాగుతుంటాడు. మామూలుగా ఏ దర్శకుడైనా ఆఖరి క్షణంలో కట్ చేసి అరుపు వినిపిస్తాడు. ప్రేక్షకుడు కూడా ఆ కట్ వస్తుందనే ధైర్యంతో చూస్తుంటాడు. ఫుల్చీ ఆ కట్ ఇవ్వడు. సీను అంత బాధపెట్టడానికి బొమ్మ గొప్పగా ఉండటం కాదు కారణం, ఆ నిదానం. బొమ్మ అని తెలిసిపోతూనే ఉంటుంది, అయినా కళ్లు మూసుకుంటాం.

ఇంత నెమ్మదిగా నడిచేవాటి నుంచి పారిపోవచ్చు కదా?

పారిపోవచ్చు. పాత్రలు గోడకి ఆనుకుని అరుస్తూ నిలబడటం చూస్తే చిరాకేస్తుంది, ఒప్పుకోవాల్సిందే. అయితే ఇవి పరిగెత్తే జాంబీల కాలానికి ముందువి. మనవాళ్లలో చాలామందికి 2021లో వచ్చిన 'జాంబీ రెడ్డి'తోనో, కొరియన్ సినిమాలతోనో ఈ రకం పరిచయమైంది కాబట్టి వేగం అలవాటైపోయింది. ఫుల్చీ శవాలు తల వంచుకుని, కళ్లు మూసుకుని, తొందర లేకుండా వస్తాయి. ఎప్పటికైనా దొరుకుతావులే అన్న ధీమా వాటిది.

జాంబీల మొహాలు మట్టి పూసినట్టు ఉన్నాయేంటి?

మట్టే పూశారు. రొమెరో శవాల్లాగా నీలిరంగు వేసి వదిలేయకుండా, దె రోసి ముఖం మీద బంకమట్టి పొరలు పొరలుగా పట్టించి, ఎండి పగుళ్లు ఇచ్చేలా చేశాడు. 'నడిచే పూలకుండీలు' అని ఫుల్చీ వాళ్లని ఆటపట్టించేవాడట. పోస్టర్ల మీద కనిపించే, కంటి గుంటలోంచి పురుగులు వేలాడే జాంబీ ఒత్తావియానో దెల్లాక్వా అనే స్టంట్‌మన్. పురుగులు నిజమైనవే. నాకు ఈ సినిమాలో తక్కిన అన్ని శాఖల కన్నా మేకప్ ఒక మెట్టు పైన కనిపిస్తుంది.

మ్యూజిక్ ఎవరిది?

ఫాబియో ఫ్రిజ్జి, జార్జో తుచ్చి. బరువుగా అడుగులేసే సింథసైజర్ మార్చ్ ఒకటి సినిమా అంతా వెంటాడుతుంది. దీవి దృశ్యాల్లో హాయైన కరీబియన్ బాణీ వినిపిస్తుంది. ఫ్రిజ్జి ఆ తర్వాత చాలా ఏళ్లకి ఫుల్చీ సినిమాల సంగీతంతో లైవ్ కచేరీలు కూడా ఇచ్చాడు.

మటూల్ దీవి మ్యాప్‌లో ఎక్కడుంది?

ఎక్కడా లేదు, కల్పితం. దీవి బయటి దృశ్యాలకి డొమినికన్ రిపబ్లిక్ వెళ్లారు. రేవు, వంతెన మాత్రం అసలు న్యూయార్కే.

## చూశాక

అసలు శవాలు ఎందుకు లేస్తున్నాయో చెప్పలేదేంటి?

కావాలనే చెప్పలేదు. డాక్టర్ మెనార్డ్ సైన్సుతో వెతుకుతాడు, దొరకదు. ఊళ్లోవాళ్లు ఊడూ అంటారు, దానికీ రుజువు ఉండదు. డప్పులు వినిపిస్తాయి, కొట్టేవాళ్లు కనపడరు. కారణం చెప్పి ఉంటే ఒక విరుగుడు కూడా చెప్పాల్సి వచ్చేది. తలలో కాలిస్తే పడిపోతాయి, అంతవరకే మనకి తెలిసేది. స్పానిష్ ఆక్రమణదారుల సమాధుల సీనులో మాత్రం నాలుగు వందల ఏళ్ల నాటి శవాలకి ఇంకా కండ ఎలా ఉందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. నేల చీల్చుకుని మెల్లగా లేచే ఆ షాట్లు బాగున్నాయి కాబట్టి క్షమించేశాను.

మొదటి షాట్‌లో తుపాకీ పేల్చింది ఎవరు?

డాక్టర్ మెనార్డే. ముసుగు కప్పిన శవం మంచం మీద లేస్తుంటే తలలోకి కాలుస్తాడు, ఇక పడవ బయల్దేరొచ్చని చెబుతాడు. రేవులోకి ఖాళీగా వచ్చేది ఆ పడవే.

న్యూయార్క్‌లో అంత తొందరగా ఎలా పాకింది?

మొదట్లో పడవ మీద మెడ కొరికించుకున్న పోలీసు గుర్తున్నాడా? మార్చురీలో అతని శవం మీద కప్పిన గుడ్డ కదలడం చూపించి, కథ దీవికి వెళ్లిపోతుంది. మన దృష్టి అంతా దీవి మీద ఉండగా అసలు ప్రమాదం నగరంలో పెరుగుతూనే ఉంటుంది. పీటర్, యాన్ తప్పించుకుని పడవెక్కి, కాటు పడి చచ్చిన బ్రయాన్ శవాన్ని సాక్ష్యంగా తీసుకెళ్తుంటే రేడియోలో ఆ వార్త వింటారు. స్క్రిప్టులో తర్వాత అతికించిన ముక్క ఇదే, కానీ అతుకు కనపడదు.

బ్రూక్లిన్ వంతెన మీద జాంబీలు నడుస్తుంటే కింద కార్లు మామూలుగా పోతున్నాయే?

అవును, పోతున్నాయి. వంతెన పైన నడిచే దారిలో వేషాలు వేసుకున్నవాళ్లని నడిపించారు, కింద రోజువారీ ట్రాఫిక్ దాని మానాన అది పోతోంది. నగరం నాశనమైందని రేడియో చెబుతుంటే ఆఫీసుల నుంచి ఇళ్లకి వెళ్తున్న కార్లు కనిపిస్తాయి. తెలిసి చూస్తే నవ్వొస్తుంది. తెలియక చూస్తే ఆ సంగీతానికి ఒంటిమీద రోమాలు నిక్కబొడుచుకుంటాయి.

దీవి జనాన్ని చూపించిన తీరు కొంచెం ఇబ్బందిగా లేదూ?

ఉంది. దీవి వాళ్లు రోగులుగానో, శవాలుగానో, భయపడే పనివాళ్లుగానో కనిపిస్తారు. మాటలున్న పాత్రలన్నీ దాదాపు తెల్లవాళ్లవే. ఊడూ కూడా హైతీ ప్రజలు ఆచరించే ఒక మతం అన్న ఊసు లేకుండా చేతబడి స్థాయిలోనే ఆగిపోయింది. ఇది ఫుల్చీ ఒక్కడి లోపం కాదు, ముప్ఫైల నాటి హాలీవుడ్ నుంచి వచ్చిన అలవాటు. కాకపోతే దాన్ని ప్రశ్నించే ప్రయత్నం ఈ సినిమాలో కనపడదు.

బ్రిటన్‌లో బ్యాన్ చేశారట, నిజమేనా?

1980లో థియేటర్లకి సెన్సార్ కత్తిరింపులతో, పెద్దలకు మాత్రమే అన్న సర్టిఫికెట్‌తో వచ్చింది. అసలు గొడవ వీడియో క్యాసెట్‌తో మొదలైంది. అప్పట్లో క్యాసెట్లకి సెన్సార్ లేదు, కట్స్ లేని ప్రింటు కూడా అమ్మకానికి పెట్టారు. పిల్లలు చెడిపోతున్నారని పత్రికలు గగ్గోలు పెట్టాయి, పోలీసులు షాపుల మీద దాడులు చేశారు, 'వీడియో నాస్టీస్' అని పేరుపడ్డ జాబితాలో ఈ సినిమా చేరింది. 1984లో క్యాసెట్లకి కూడా సర్టిఫికెట్ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. ఒక్క కట్ కూడా లేకుండా అక్కడ అనుమతి వచ్చింది 2005లో. పాతికేళ్లు పట్టింది. ఆ నిషేధమే సినిమాకి అంత పేరు తెచ్చిందంటే కాదనలేం.

నటీనటులు ఆ తర్వాత ఏమయ్యారు?

టీసా ఫారో నటి మియా ఫారోకి చెల్లెలు. 1980 తర్వాత సినిమాలు మానేసి నర్సుగా పనిచేసింది, 2024 జనవరిలో చనిపోయింది. ఓల్గా కర్లాతోస్ 1984లో 'పర్పుల్ రెయిన్'లో హీరో ప్రిన్స్‌కి తల్లిగా వేసింది, తర్వాత బెర్ముడాలో లాయరైంది. రిచర్డ్ జాన్సన్ 1963 నాటి 'ద హాంటింగ్' ద్వారా అప్పటికే హారర్ ప్రేక్షకులకి తెలిసినవాడు, 2015లో పోయాడు. పీటర్‌ని న్యూస్ కోసం పంపే పత్రిక ఎడిటర్‌గా కనిపించేది ఎవరనుకున్నారు? ఫుల్చీయే.

జాంబీ 3, 4, 5 కూడా ఉన్నాయట. వరసగా చూడాలా?

వరస అనేదే లేదు. 1988 నాటి 'జాంబీ 3' ఫుల్చీ ఫిలిప్పీన్స్‌లో మొదలుపెట్టి, ఆరోగ్యం బాగాలేక మధ్యలో వదిలేస్తే బ్రూనో మత్తెయి పూర్తిచేశాడు. అందులో మటూల్ లేదు, ఈ పాత్రలు లేవు. 4, 5 అని అమ్ముతున్నవి వేరేవాళ్లు వేరే పేర్లతో తీసుకున్న సినిమాలు. మళ్లీ అదే అంకెల వ్యాపారం, ఈసారి ఫుల్చీ పేరు మీద. 1980లో వచ్చిన 'జాంబీ హోలోకాస్ట్'లో హీరో ఇయాన్ మెకలక్, నిర్మాత దె ఆంజెలిస్ ఇద్దరూ మళ్లీ కనిపిస్తారు, అది కూడా కొనసాగింపు కాదు. ఫుల్చీ నచ్చితే నేరుగా 'ద బియాండ్' పెట్టుకోండి. ఇంకా వెనక్కి వెళ్లాలనిపిస్తే స్పెయిన్‌లో అమాందో దె ఒస్సోరియో 1970లలో తీసిన నాలుగు గుడ్డి సైనికుల శవాల సినిమాలున్నాయి, వాటిలో మొదటిది చూస్తే చాలు.